గాలి ఎక్కడ పోతోంది?
లారీ, ట్రైలర్ ఎయిర్ బ్రేకుల్లో లీకు కనిపెట్టే విధానం



మన మాడుగులపల్లి టోల్ గేటు దగ్గర ఒక గంట నిలబడితే ఈ ప్రాంతం దేని మీద బతుకుతోందో అర్థమవుతుంది. మిర్యాలగూడ మిల్లుల బియ్యం, వాడపల్లి వైపు నుంచి సిమెంటు, కోతల కాలంలో ధాన్యం, ఏడాది పొడవునా ఇనుము, ఎరువులు అన్నీ ఈ అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీదే పోతాయి. అవతల సూర్యాపేట, కోదాడల మీదుగా హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఉంది. ఈ రెండు రోడ్ల మీద తిరిగే బళ్ల స్టీరింగు పట్టేవాళ్లలో, వాటి కింద పడుకుని పానా తిప్పేవాళ్లలో మనవాళ్లు తక్కువేమీ కాదు. మీలోనూ లారీ యజమానులున్నారు, మిల్లుల నుంచి లోడు పంపేవారున్నారు, బిడ్డను డ్రైవరుకిచ్చి పెళ్లి చేసినవారున్నారు.

మీరిచ్చే జకాత్, సదకాల్లో కొంత భాగం రోడ్డు ప్రమాదంలో ఇంటిపెద్దను పోగొట్టుకున్న కుటుంబాలకు చేరుతుంది. ఆ సాయం ఇవ్వక తప్పదు, ఇస్తూనే ఉంటాం. అయితే ప్రమాదం జరిగాక ఇచ్చే సొమ్ము కన్నా, జరగకముందు ఇచ్చే పది నిమిషాలు ఎక్కువ పని చేస్తాయని మా నమ్మకం. అందుకే ఈ సంచికలో లెక్కల పట్టికల పక్కన ఈ వ్యాసానికి చోటిచ్చాం. బండి గురించి ఏమీ తెలియని దాతకు కూడా అర్థమయ్యేలా, తెలిసిన డ్రైవరుకు పనికొచ్చేలా రాయాలని ప్రయత్నించాం.

గాలితో బ్రేకు ఎలా పడుతుంది?

కారులో బ్రేకు నూనెతో పనిచేస్తుంది. ముప్పై, నలభై టన్నులు మోసే బండిని ఆపడానికి కాలి బలం చాలదు, గాలి బలం కావాలి. ఇంజనుతో పాటు తిరిగే కంప్రెసరు బయటి గాలిని పీల్చి నొక్కుతుంది. ఆ గాలి డ్రయ్యరు గుండా పోయి తడి వదిలి, ఛాసిస్‌కు బిగించిన ట్యాంకుల్లో నిండుతుంది. మన బళ్లలో నిండు ట్యాంకు ఒత్తిడి సుమారు 8 నుంచి 10 బార్ల దాకా ఉంటుంది. కారు టైరులో ఉండే గాలికి ఇది దాదాపు నాలుగు రెట్లు.

డ్రైవరు పెడల్ తొక్కగానే ఫుట్ వాల్వు తెరుచుకుంటుంది. ట్యాంకులోని గాలి చక్రాల దగ్గరున్న చాంబర్లలోకి పోతుంది. చాంబరును మన మెకానిక్కులు బూస్టరు అని కూడా అంటారు. అందులో పళ్లెంలాంటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది. గాలి దాన్ని నెడితే అది ఇనుప కడ్డీని నెడుతుంది, కడ్డీ స్లాక్ అడ్జస్టరును తిప్పుతుంది, లైనర్లు విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. వెనక చక్రాలు దూరం కాబట్టి, గాలి ఆలస్యం కాకుండా మధ్యలో రిలే వాల్వులు పెడతారు. పెడల్ నుంచి వచ్చే కొద్దిపాటి గాలి రిలే వాల్వుకు కబురు మాత్రమే. కబురు అందగానే అది పక్కనున్న ట్యాంకు నుంచి నేరుగా చాంబరుకు గాలి పంపుతుంది.

హ్యాండ్ బ్రేకు సంగతి దీనికి తలకిందులు. వెనక చక్రాల చాంబర్లకు తోకలా మరో డబ్బా ఉంటుంది. అందులో టన్నుకు దగ్గర బలమున్న స్ప్రింగు ఉంటుంది. బండి నడవాలంటే గాలి ఆ స్ప్రింగును వెనక్కి నొక్కి పట్టాలి. హ్యాండ్ బ్రేకు వేస్తే ఆ గాలి బయటికి పోయి స్ప్రింగు వచ్చి బ్రేకును పట్టుకుంటుంది. అంటే నడిచే బండిని ఆపేది గాలి, నిలిచిన బండిని పట్టేది స్ప్రింగు. ఈ ఒక్క మాట గుర్తుంటే లీకు వెతకడంలో సగం పని అయినట్టే.

ఈ ఆలోచన రైళ్ల నుంచి వచ్చింది. అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1869లో గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన మొదటి పద్ధతిలో పైపు తెగితే బ్రేకే లేకుండా పోయేది. 1872లో ఆయన దాన్ని తిరగేశాడు. పైపులో గాలి ఉన్నంతసేపు బ్రేకు వదిలి ఉంటుంది, గాలి పోతే బ్రేకు పడుతుంది. మన ట్రైలర్లలోనూ అదే నీతి. మన దేశంలో లారీల ఎయిర్ బ్రేకు సామాను తయారీకి 1962లో మద్రాసులో మొదలైన సుందరం క్లేటన్ సంస్థ దారి వేసింది.

‘గాలి పోతే బ్రేకు దానంతటదే పడుతుంది కదా, భయమెందుకు?’

ఈ మాట చాలామంది డ్రైవర్ల నోట వింటాం. పైపు ఒక్కసారిగా తెగితే ఆ మాట చాలావరకు నిజమే. చిన్న లీకు విషయంలో మాత్రం ఆ ధీమా పనికిరాదు.

నిండు ట్యాంకుకూ, స్ప్రింగు వచ్చి పట్టుకునే ఒత్తిడికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ మధ్యలో ముల్లు కిందికి జారుతున్న కొద్దీ, అదే పెడల్ అంతే తొక్కినా బ్రేకు బలం తగ్గుతూ పోతుంది. చాలా బళ్లలో 5 బార్ల చుట్టుపక్కల ఎర్ర దీపం వెలిగి బజరు మోగుతుంది. అంతకన్నా దిగితే స్ప్రింగులు సగం సగంగా పట్టడం మొదలవుతుంది. డ్రైవరుకు తెలియకుండానే లైనర్లు డ్రమ్ములకు రాసుకుని కాలుతాయి. ఇంకా దిగితే వెనక చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. అది వాన పడిన రోడ్డు మీద జరగవచ్చు, వంతెన మీద జరగవచ్చు, వెనక బస్సు వస్తుండగా జరగవచ్చు. ఎక్కడ ఆగాలో అప్పుడు డ్రైవరు చేతిలో ఉండదు.

టోల్ గేటు వరుసలో ఈ ప్రమాదం ఇంకాస్త ఎక్కువ. అక్కడ పది అడుగులకు ఒకసారి బ్రేకు తొక్కాలి. తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో కొంత గాలి ఖర్చవుతుంది. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటుంది కాబట్టి కంప్రెసరు అంత వేగంగా నింపలేదు. రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు కంప్రెసరు దాచిపెట్టిన లీకు ఇక్కడ బయటపడుతుంది. ముందున్నది స్కూటరు అయితే ఏం జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

పది నిమిషాల పరీక్ష

దీనికి ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేదు. డ్యాష్‌బోర్డు మీది గాలి మీటరు, చేతి గడియారం, ఒక చెంబుడు సబ్బు నీళ్లు, చెవులు చాలు.

ముందు బండిని చదును నేల మీద నిలపాలి. హ్యాండ్ బ్రేకు వదిలి చూడవలసి ఉంటుంది కాబట్టి, ముందూ వెనకా టైర్లకు చెక్క దిమ్మెలు గట్టిగా పెట్టాలి. దిమ్మెలు పెట్టకుండా ఎవరూ బండి కిందికి పోకూడదు.

ఇంజను ఆన్ చేసి గాలి నింపాలి. నిండగానే డ్రయ్యరు ‘బుస్స్’మని ఒకసారి ఊదుతుంది. అది లీకు కాదు, లోపలి తడిని బయటికి నెట్టడం. ఒక్కసారి ఊది ఆగితే మంచిదే. ఆగకుండా ఊదుతూ ఉంటే డ్రయ్యరు వాల్వులో చెత్త పట్టిందనో, రబ్బరు పోయిందనో అర్థం.

ఇప్పుడు ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదలాలి. ముల్లు ఎక్కడుందో రాసుకుని ఐదు నిమిషాలు ఆగాలి. పెడల్ ముట్టుకోకూడదు.

ఎంత దిగితే తప్పు? అమెరికాలో బరువు బళ్ల లైసెన్సు పరీక్షలో దీనికి కచ్చితమైన హద్దు ఉంది. పెడల్ తొక్కకుండా చూస్తే ఒంటి లారీకి నిమిషానికి 2 పీఎస్ఐ, ట్రైలర్ తగిలించిన బండికి 3 పీఎస్ఐ మించి దిగకూడదు. పెడల్ తొక్కి పట్టి చూస్తే ఒంటి లారీకి 3, ట్రైలర్ బండికి 4 మించకూడదు. మన మీటర్లు చాలావరకు బార్లలో ఉంటాయి, గీతలు అంత సన్నగా ఉండవు. కనుక ట్రైలర్ బండికి ఇలా గుర్తుంచుకుంటే సులువు: తొక్కకుండా ఐదు నిమిషాల్లో ఒక బార్, తొక్కి పట్టి ఒక నిమిషంలో పావు బార్. ఇది ఆఖరి హద్దు. బాగున్న బండిలో ముల్లు కదిలినట్టే కనిపించదు.

తర్వాత పెడల్ పూర్తిగా తొక్కి పట్టాలి. మొదట ముల్లు ఒక్కసారి కిందికి దిగుతుంది. చాంబర్లు నిండాయి కాబట్టి అది సహజం. అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టి ఒక నిమిషం చూడాలి.

చాలా బళ్లలో మీటరుకు రెండు ముళ్లుంటాయి, లేదా రెండు మీటర్లుంటాయి. ఒకటి ముందు చక్రాల ట్యాంకుది, ఇంకొకటి వెనక చక్రాలది. ఏది దిగుతోందో చూస్తే ఏ సగంలో వెతకాలో అప్పుడే తెలిసిపోతుంది.

ఇంకా తేలికైన పరీక్ష ఒకటుంది. రాత్రి బండి ఆపేటప్పుడు మీటరు ఎంతుందో, తెల్లారి ఎంతుందో క్లీనరు ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టాలి. రోజుకు రోజు తేడా పెరుగుతుంటే బండి తన జబ్బు తానే చెబుతున్నట్టు.

నాలుగు ప్రశ్నలు

గాలి దిగుతోందని తేలాక బండి అంతా సబ్బు రాస్తూ కూర్చోనక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు వేసుకుంటే వెతకవలసిన చోటు చిన్నదవుతుంది.

ఒకటి: పెడల్ తొక్కకపోయినా దిగుతోందా? అయితే తప్పు ట్యాంకుల వైపు ఉంది. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే వాల్వు, ట్యాంకు అతుకులు, డ్రయ్యరు, ట్యాంకుల మధ్య గాలి పంచే వాల్వు, ట్రైలరుకు పోయే ఎర్ర పైపు చూడాలి.

రెండు: పెడల్ తొక్కినప్పుడే దిగుతోందా? అయితే ఫుట్ వాల్వు, రిలే వాల్వు, చాంబరు ముందు భాగంలోని డయాఫ్రం, ట్రైలరుకు పోయే పసుపు పైపు. చిరిగిన డయాఫ్రం ఉంటే పెడల్ తొక్కగానే ఆ చక్రం దగ్గర గట్టిగా ‘హుస్స్’మంటుంది.

మూడు: హ్యాండ్ బ్రేకు వదిలినప్పుడు దిగి, వేయగానే ఆగిపోతోందా? అయితే స్ప్రింగు డబ్బా వైపు, లేదా దానికి పోయే పైపులో ఉంది. హ్యాండ్ బ్రేకు వేస్తే ఆ భాగంలో గాలే ఉండదు కాబట్టి లీకూ ఉండదు.

నాలుగు: ట్రైలర్ పైపులు విప్పితే ఆగిపోయిందా? అయితే తప్పు ట్రైలరుది. ఆగకపోతే ముందు బండిది.

ఈ నాలుగో పరీక్ష గురించి ఇంకొక మాట. ముందు బండికీ ట్రైలరుకూ మధ్య రెండు పైపులుంటాయి. ఎర్ర పైపు ట్రైలర్ ట్యాంకును నింపుతుంది, అందులో ఎప్పుడూ గాలి ఉంటుంది. పసుపు పైపు పెడల్ కబురు మోసుకుపోతుంది, తొక్కినప్పుడే అందులో గాలి. అమెరికాలో పసుపుకు బదులు నీలం వాడతారు, పని మాత్రం అదే. ఎర్ర పైపు విప్పగానే ట్రైలర్ బ్రేకులు పడతాయి. అది తప్పు కాదు, పడకపోతేనే తప్పు. ముందు బండి వైపు కప్లింగులో సాధారణంగా తనంతట మూసుకునే వాల్వు ఉంటుంది. పాత బళ్లలో చేత్తో మూసే కాకు ఉండవచ్చు. విప్పేటప్పుడు ముఖం పక్కకు పెట్టుకోవాలి. పైపులో మిగిలిన గాలి దుమ్మును కళ్లలోకి కొడుతుంది.

చెవి, సబ్బు

సగం బండి తేలాక చెవి పని మొదలవుతుంది. ఇంజను ఆపి, రోడ్డుకు కాస్త దూరంగా, వీలైతే రాత్రిపూట వినాలి. మూరెడు రబ్బరు గొట్టం ఒక కొన చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొనను అతుకుల వెంట తిప్పితే సన్నని శబ్దం కూడా తెలుస్తుంది.

తర్వాత సబ్బు. బట్టలు ఉతికే పొడి నీళ్లలో చిక్కగా కలిపి పాత పెయింటు బ్రష్షుతో రాయాలి. గాలి పోతున్న చోట బుడగలు లేస్తాయి. పెద్ద లీకైతే నురగను ఊదేసి బుడగ నిలవనీయదు, అక్కడ చెయ్యి దూరంగా పెట్టి గాలి తగులుతోందా చూడాలి. నిప్పు, అగ్గిపుల్ల, బీడీ పొగ లాంటి తమాషాలు డీజిలు ట్యాంకు పక్కన వద్దు.

ఏ వరుసలో చూడాలంటే, ముందు సులువుగా పాడయ్యేవి. ట్రైలర్ కప్లింగుల మధ్య రబ్బరు వాషర్లు ఎండకు బిరుసెక్కుతాయి, దుమ్ముకు అరుగుతాయి. వాటి ధర తక్కువ, చేసే నష్టం ఎక్కువ. ఆ తర్వాత క్యాబిన్ వెనక వేలాడే పైపులు. మలుపులో అవి ఛాసిస్‌కు రాసుకుంటాయి. రాసుకున్న చోట పై పొర పోయి లోపలి దారాలు కనిపిస్తుంటే, ఇంకా లీకు లేకపోయినా ఆ పైపు మార్చాల్సిందే. ఆపైన సైలెన్సరు దగ్గరగా పోయే నైలాన్ పైపులు, వాటి అతుకులు. చివరగా చాంబర్లు, వాల్వులు.

అతుకు దగ్గర బుడగ కనిపించగానే పానా పెట్టి బలంగా బిగించడం మంచి అలవాటు కాదు. గాలి వదిలేసి, అతుకు విప్పి, లోపలి రింగు చూసి, పాడైతే మార్చి మళ్లీ బిగించాలి. అదే పనిగా బిగిస్తే ఈ రోజు ఆగి, రేపు రోడ్డు మీద పగులుతుంది.

శబ్దం ఒకచోట, జబ్బు ఇంకోచోట

మంచి మెకానిక్కుకూ, సామాను మార్చే మెకానిక్కుకూ తేడా ఇక్కడ తెలుస్తుంది. రిలే వాల్వు అడుగున గాలి బయటికి వదిలే నోరు ఉంటుంది. అక్కడ ‘స్స్స్’మని ఆగకుండా వస్తుంటే చాలామంది రిలే వాల్వు పోయిందని మార్చేస్తారు. కొత్త వాల్వు వేసినా అదే శబ్దం. ఇంకొకటి వేస్తారు. యజమాని జేబుకు చిల్లు, ట్రిప్పుకు ఆలస్యం, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

అసలు జరిగేదేమిటంటే, స్ప్రింగు డబ్బాకూ ముందు చాంబరుకూ మధ్య ఒక రబ్బరు సీలు ఉంటుంది. అది అరిగితే స్ప్రింగు వైపు గాలి ముందు చాంబరులోకి జారుతుంది. అక్కడి నుంచి పైపు వెంట వెనక్కి నడిచి, పెడల్ తొక్కనప్పుడు తెరిచి ఉండే రిలే వాల్వు నోటి నుంచి బయటపడుతుంది. ఇంటి కప్పులో నీళ్లు కురిసిన చోట పైన చిల్లు ఉండనట్టే ఇదీ.

దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. హ్యాండ్ బ్రేకు వదిలినప్పుడు శబ్దం వస్తూ, వేయగానే కొద్ది క్షణాల్లో ఆగిపోతే రిలే వాల్వు తప్పు లేదు, చాంబరు సీలు పోయింది. ఏ చాంబరో తెలియాలంటే టైర్లకు దిమ్మెలున్నాయో లేదో మళ్లీ చూసుకుని, హ్యాండ్ బ్రేకు వదిలి, పెడల్ ముట్టుకోకుండా, ఒక్కొక్క చాంబరుకు పోయే పెడల్ వైపు పైపును విప్పి చూడాలి. ఏ చాంబరు రంధ్రం నుంచి గాలి వస్తోందో అదే దోషి. హ్యాండ్ బ్రేకు వేసినా వదిలినా శబ్దం ఒకేలా ఉంటే అప్పుడు రిలే వాల్వు విప్పాలి. చాలాసార్లు లోపల చెత్తో, తుప్పో ఉంటుంది. శుభ్రం చేసి కిట్టు వేస్తే సరిపోతుంది.

ఎప్పుడూ చేయకూడని మూడు పనులు

మొదటిది: ట్రైలర్ పైపు లీకైతే దాన్ని మడిచి తీగతో కట్టి ‘ఈ ట్రిప్పుకు చాలు’ అనుకోవడం. పసుపు పైపు కడితే ట్రైలరుకు పెడల్ కబురు అందదు. ముందు బండి ఆగుతుంది, వెనక లోడు ఆగదు. అది వచ్చి ముందు బండిని అడ్డంగా తోస్తుంది. పొడుగు ట్రైలర్ మడత పడి రోడ్డుకు అడ్డం తిరిగిందంటే ఇలాంటి కారణాలు కూడా ఉంటాయి.

రెండోది: స్ప్రింగు డబ్బా లీకైతే వెనకనున్న బోల్టు తిప్పి స్ప్రింగును లోపలికి లాగేసి నెలల తరబడి నడపడం. ఆ బోల్టు చెడిపోయిన బండిని షెడ్డు దాకా తీసుకుపోవడానికే. స్ప్రింగును లాగేశాక ఆ చక్రానికి హ్యాండ్ బ్రేకు లేనట్టే, గాలి పోయినా అది పట్టదు. అలాంటి బండిని వాలు మీద నిలిపి డ్రైవరు చాయ్‌కి పోతే దాన్ని పట్టి ఉంచేది అదృష్టమే.

మూడోది అన్నిటికన్నా ప్రాణాంతకం: స్ప్రింగు డబ్బా చుట్టూ ఉండే క్లాంపును విప్పడం. లోపలి స్ప్రింగు బలం ముందే చెప్పాం. క్లాంపు ఊడితే ఆ మూత తుపాకి గుండులా వస్తుంది. షెడ్డుల్లో పని నేర్చుకునే పిల్లలకు మొదటి రోజే చెప్పవలసిన మాట ఇది. స్ప్రింగు డబ్బా పాడైతే మొత్తంగా మార్చాలి, విప్పకూడదు.

నీళ్లు, నూనె

గాలిలో తడి ఉంటుంది. నొక్కిన గాలి చల్లబడితే ఆ తడి నీళ్లై ట్యాంకు అడుగున చేరుతుంది. వానాకాలంలో మరీ ఎక్కువ. ఆ నీళ్లు ట్యాంకును తుప్పు పట్టిస్తాయి, తుప్పు రేణువులు వాల్వుల్లో చేరి రబ్బరును కోస్తాయి. ఈ రోజు వదలని నీళ్లే రేపటి లీకు. చేత్తో వదిలే వాల్వున్న ట్యాంకులను రోజూ ఖాళీ చేయాలి.

వచ్చే నీళ్లను ఒకసారి చూడాలి. తేటగా కొద్దిగా వస్తే సరే. ఎక్కువగా వస్తుంటే డ్రయ్యరులోని మందు డబ్బా మార్చే గడువు దాటింది. పాలలా తెల్లగానో, నల్లగా జిడ్డుగానో వస్తే కంప్రెసరు నూనెను నెడుతోంది. ఆ నూనె తగిలిన రబ్బరు సీళ్లు ఉబ్బి మెత్తబడతాయి. అప్పుడు లీకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి. అలాంటి బండికి సీళ్లు మార్చుకుంటూ పోవడం కన్నా ముందు కంప్రెసరును చూపించడం మేలు.

యజమాని వంతు, దాత వంతు

ఇంతదాకా చెప్పిన పరీక్షలో కష్టమైనది ఏదీ లేదు. చాలామంది డ్రైవర్లకు ఇందులో సగం తెలుసు. మరి ఎందుకు జరగదు? సమయం ఇవ్వరు కాబట్టి. లోడు తెల్లారేసరికి చేరాలి. గాలి దిగుతోందని చెబితే ‘నువ్వొక్కడివే డ్రైవరువా’ అన్న మాట వినాల్సి వస్తుంది. ట్రిప్పు పోతే ఆ రోజు బత్తా పోతుంది. ఇంట్లో ఫీజు కట్టాల్సిన పిల్లలున్నవాడు మౌనంగా బండెక్కుతాడు.

చట్టం ఈ భారాన్ని డ్రైవరు ఒక్కడి మీదే వేయలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ ప్రకారం, ప్రమాదం తెచ్చే లోపమున్న బండిని నడిపినవాడితో పాటు నడిపించినవాడూ, నడపనిచ్చినవాడూ బాధ్యులే. లోపం తెలియదని అంటే చాలదు. మామూలు జాగ్రత్త తీసుకుంటే తెలిసేదైతే తెలిసినట్టే లెక్క. పది నిమిషాల్లో సబ్బు నీళ్లతో తెలిసే లీకు కచ్చితంగా ఆ కోవలోకి వస్తుంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది కదా అని కూడా నిశ్చింతగా ఉండలేం. ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏడాదికోసారి ఆ పరీక్ష. రబ్బరు వాషరు ఆ తేదీ దాకా ఆగదు.

బండి యజమానిదే కావచ్చు. అందులో ఉన్న మనిషి ఇంటివాళ్లు మన చేతిలో పెట్టిన అమానత్. అందుకని మీకు మూడు విన్నపాలు.

లారీలున్న దాతలకు: ప్రతి ట్రిప్పుకు ముందు ఈ పది నిమిషాలను డ్యూటీలో భాగంగా లెక్కించండి. లీకు చెప్పిన డ్రైవరుకు ఆ రోజు బత్తా కోయకండి. కప్లింగు వాషర్లు, ఒక జత పైపులు, రెండు చెక్క దిమ్మెలు బండిలోనే ఉంచండి.

మిల్లులు, గోదాములు ఉన్న దాతలకు: లోడు ఎక్కుతున్నంతసేపు బండి మీ గేటు లోపల నిలిచే ఉంటుంది. తెల్లారి మీటరు ఎంతుందో అడిగే అలవాటు మీ గుమాస్తాకు చేయండి.

మిగతా దాతలందరికీ: చదువు ఆపేసి షెడ్డుల్లో చేరిన పిల్లలు మన వాడల్లో ఉన్నారు. వాళ్లలో ఆసక్తి ఉన్నవాణ్ని ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేర్పించడానికి మీ సదకాలో కొంత పక్కన పెట్టండి. వాల్వు మార్చడం షెడ్డులో ఎవరైనా నేర్పుతారు. వాల్వు ఎందుకు మార్చనక్కర్లేదో తెలిసినవాడు తన బతుకుతో పాటు రోడ్డు మీది నలుగురి బతుకూ కాపాడతాడు.

కింది భాగాన్ని కత్తిరించి క్యాబిన్‌లో అతికించుకోవచ్చు.

బయల్దేరే ముందు
1. చదును నేల, టైర్లకు దిమ్మెలు.
2. గాలి నిండుగా నింపు, ఇంజను ఆపు, హ్యాండ్ బ్రేకు వదులు.
3. తొక్కకుండా ఐదు నిమిషాలు: ఒక బార్ మించి దిగితే బండి కదలకూడదు.
4. తొక్కి పట్టి ఒక నిమిషం: పావు బార్ మించి దిగితే బండి కదలకూడదు.
5. రెండు ముళ్లలో ఏది దిగింది? ట్రైలర్ విప్పితే ఆగిందా? రాసి పెట్టు.
6. కప్లింగులు, పైపులు, చాంబర్లకు సబ్బు నీళ్లు.
7. ట్యాంకుల నీళ్లు వదులు.
8. పైపు మడిచి కట్టకు. స్ప్రింగు డబ్బా విప్పకు.
9. బజరు మోగితే పక్కకు తీసి ఆపు. లోడు ఆలస్యమైతే ఫోను చేసి చెప్పు. ఇంట్లోవాళ్లు నీకోసం ఎదురుచూస్తుంటారు.